మట్టిలో మనిషి బిగుసుకుపోతున్నాడంటే లోపం కండరాల్లో కాదు, బరువులో ఉంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కొన్ని నెలలుగా బంకమన్నుతో సొంతంగా సాధన చేస్తున్నారు. ముఖాలు బాగానే కుదురుతున్నాయి. నిలబడ్డ మనిషిని పూర్తిగా చేయబోతే మాత్రం బిగుసుకుపోయినట్టు కనిపిస్తున్నాడు, పైగా రెండో రోజుకే కాళ్లు కుంగిపోతున్నాయి. అనాటమీ అంతా చదివాక మళ్లీ మొదలుపెట్టాలా, ఏ మట్టి వాడాలి, చేసినదాన్ని కాల్చొచ్చా అన్నవి మీ సందేహాలు.

అనాటమీతో మొదలుపెట్టకండి. ఈ మాటంటే కొందరికి కోపం వస్తుందని తెలుసు. కానీ నేర్చుకునేవాళ్లను ఏళ్ల తరబడి దగ్గర్నుంచి చూశాకే చెబుతున్నాను. ఏ కండరం ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుంటుందో గడగడా అప్పజెప్పగలిగినవాళ్లు కూడా బిగుసుకుపోయిన బొమ్మలు చేస్తుంటారు. వాటిలో కండరాలు ఉండాల్సిన చోటే ఉంటాయి. తేడా ఎక్కడంటే, బరువు రెండు కాళ్ల మీదా సమానంగా పడుతుంది, భుజాలు రెండూ ఒకే ఎత్తులో ఉంటాయి, తుంటి రెండు పక్కలా ఒకే మట్టంలో ఉంటుంది, తల నిటారుగా ఉంటుంది. మనిషి అలా నిలబడేది కవాతులోనూ, పాస్‌పోర్టు ఫొటో దిగేటప్పుడూ మాత్రమే.

ఒకసారి లేచి నిలబడండి. నడుముకి రెండు పక్కలా చేతికి తగిలే తుంటి ఎముకల అంచుల మీద చేతులు పెట్టుకుని, బరువంతా కుడికాలి మీదికి మార్చి ఎడమ మోకాలు వదులు చేయండి. ఎడమ చేతి కింద ఉన్న ఎముక కిందికి జారుతుంది. అటు ఊత తీసేశారు కాబట్టి కటి, అంటే తుంటి ఎముకల గిన్నె, అటే ఒరుగుతుంది, కుడి తుంటి పైకి లేచి పక్కకు తోసుకొస్తుంది. కటి ఎడమకి ఒరిగితే దాని మీద నిలిచిన వెన్నెముక కూడా అటే పోవాలి. పోతే పడిపోతాం. అందుకే వెన్ను నడుము దగ్గర ఎదురు వంపు తిరిగి, పక్కటెముకల గూడును మళ్లీ కుడికాలి మీదికి తెస్తుంది. దాంతో కుడి భుజం దిగుతుంది, ఎడమ భుజం లేస్తుంది. నడుము కుడి పక్కన మడత పడుతుంది, ఎడమ పక్క సాగుతుంది. వెనక నుంచి చూస్తే కుడి పిరుదు బిగిసి పైకి ఉంటుంది, ఎడమది వదులై కాస్త దిగుతుంది. ఇవన్నీ విడివిడిగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతులు కావు. ఒక మోకాలు వదులైతే మిగతావన్నీ వరసగా జరిగి తీరతాయి.

దీన్ని బొమ్మ మీద పరీక్షించడం తేలిక. దారానికి చిన్న బరువు కట్టి, రెండు కాలర్ బోన్‌ల మధ్య ఉండే మెడ గుంట దగ్గర నుంచి వేలాడదీయండి. ఒంటికాలి మీద బరువున్న భంగిమలో ఆ దారం ఇంచుమించు ఆ కాలి చీలమండ లోపలి వైపుకి రావాలి. రెండు పాదాల మధ్యలో ఎక్కడో పడుతోందంటే, మీరు మోకాలు వంచారు కానీ బరువు మార్చలేదన్నమాట. చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఏదో అబద్ధంలా అనిపించేది ఇలాంటి చోటే.

గ్రీకు శిల్పులకు కూడా ఇది ఒక్కరోజులో పట్టుబడలేదు. క్రీ.పూ. 7వ శతాబ్దం చివరి నుంచి వాళ్లు చెక్కిన కూరోస్ (నిలబడ్డ యువకుడి) విగ్రహాల్లో ఎడమకాలు ముందుకు వేసి ఉంటుంది, అయినా తుంటి కదలదు. క్రీ.పూ. 480 ప్రాంతపు ‘క్రిటియోస్ బాలుడు’ విగ్రహం దగ్గరికి వచ్చేసరికి ఒక కాలు బరువు మోస్తుంది, తుంటి ఒరుగుతుంది, తల కొద్దిగా తిరుగుతుంది. మధ్యలో గడిచింది వందేళ్లకు పైనే. చోళుల కాలపు పార్వతి కంచు విగ్రహాల్లో త్రిభంగం, అంటే ఒళ్లు మూడు చోట్ల వంపు తిరిగే భంగిమ, ఇదే ఒరుగును ఇంకా సాగదీసి చూపిస్తుంది. ఈ విగ్రహాల ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని, భుజాల గీత, తుంటి గీత పెన్సిల్‌తో గీసి చూడండి. నాలుగు పుస్తకాలు చదివినదానికన్నా ఎక్కువ తెలుస్తుంది.

ఇప్పుడు మీ కాళ్లు కుంగే సమస్య. భంగిమ మట్టిలో మొదలవదు, లోపలి తీగ చట్రంలో, అంటే ఆర్మేచర్‌లో మొదలవుతుంది. నిటారుగా కట్టేసి మట్టి పెట్టాక వంచుదాం అనుకుంటే కుదరదు. తల ఎత్తు 5 సెంటీమీటర్లు అనుకోండి. మనిషి సుమారు ఏడున్నర తలలు కాబట్టి బొమ్మ 37.5 సెంటీమీటర్లు అవుతుంది. నేర్చుకోవడానికి ఇది మంచి సైజు. కాగితం మీద అదే కొలతలో ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, గీతలతోనే భంగిమ వేసుకోండి. తీగను ఆ గీతల మీద పెట్టి వంచండి. 3 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగను రెండు పేటలుగా మెలివేస్తే ఈ ఎత్తుకు చాలు. మెలి ఉంటే మట్టికి పట్టు దొరుకుతుంది, ఒంటి తీగ మీద మట్టి గిర్రున తిరుగుతుంది. ఇనుప తీగ అయితే తడి మట్టిలో తుప్పుపడుతుంది.

కుంగడానికి అసలు కారణం, బొమ్మ బరువంతా రెండు సన్నటి చీలమండలు మోస్తున్నాయి. మట్టి బొమ్మకు ఊత కాళ్లలోంచి కాదు, వెనక నుంచి ఇవ్వాలి. పీటకు గట్టిగా బిగించిన ఇనుప కడ్డీని బొమ్మ వెనక నిలబెట్టి, దాని పైకొసను ముందుకు వంచి, పిరుదుల పైన నడుము కింది భాగంలోకి దూర్చి, కటి దగ్గర తీగతో బిగించి కట్టేయండి. కడ్డీకి ముందే పెయింటు వేస్తే తుప్పు గొడవ ఉండదు. ఇక బొమ్మ ఆ కడ్డీని పట్టుకుని ఉంటుంది, పాదాలు కింద ఆనుతాయి, అంతే. కాలును అర సెంటీమీటరు జరపాలనిపిస్తే నిర్భయంగా జరపొచ్చు. ఈ స్వేచ్ఛ చాలా ముఖ్యం, ఎందుకంటే మొదటి గంటలో పెట్టిన కాలు సరైన చోట ఉండటం అరుదు.

మొండెంలో తీగను ఒక్క గీతలా వదిలేయకండి. ఛాతీ దగ్గరా కటి దగ్గరా వెడల్పు ఉచ్చులుగా తిప్పి, వాటికి చిన్న చెక్కముక్కలు సన్నతీగతో కట్టి వేలాడదీస్తే మట్టి తన బరువుకు తాను జారదు. భుజాల దగ్గర తీగ భుజం అంచుకు బాగా లోపలే ఆగాలి, తలలో తీగ నడినెత్తికి చాలా కిందే ఆగాలి. లేకపోతే ఆ తీగను కప్పడం కోసం బొమ్మంతా లావెక్కించుకుంటూ పోవాల్సి వస్తుంది. ఆర్మేచర్ చూడ్డానికి బాగుండాలన్న టెన్షన్ మాత్రం పెట్టుకోకండి. ఫ్రెంచ్ కళాకారుడు డెగా 1881లో ప్రదర్శించిన ‘పద్నాలుగేళ్ల చిన్ని నర్తకి’ మైనపు శిల్పాన్ని ఎక్స్‌రే తీస్తే చేతుల లోపల పాత పెయింటు బ్రష్షులు కనబడ్డాయి.

మట్టి గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. నీటితో కలిపే బంకమన్ను త్వరగా పని సాగనిస్తుంది, పోగుచేయడం, కోసి పారేయడం రెండూ తేలిక, అందుకే నేర్చుకునేవాళ్లకు నేను అదే చెబుతాను. రోజూ పని ముగించాక తడిగుడ్డ చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కప్పాలి. వేళ్లు, చెవులు లాంటి సన్నటి చోట్లు ముందు ఎండుతాయి కాబట్టి వాటికి విడిగా తడిగుడ్డ చుట్టండి. వారానికి ఒకసారి మాత్రమే కూర్చోగలిగేవాళ్లకు మైనం, నూనె కలిసిన ప్లాస్టిసిన్ రకం మేలు, అది ఎండదు. దాంతో తర్వాత సిలికోన్ అచ్చు తీసే ఆలోచన ఉంటే గంధకం లేని రకం తీసుకోండి. గంధకం ఉంటే కొన్ని రకాల సిలికోన్ గట్టిపడకుండా జిగటగా మిగిలిపోతుంది. ఓవెన్‌లో గట్టిపడే ప్లాస్టిక్ ముద్ద, పాలిమర్ క్లే, అరచేతిలో పట్టే బొమ్మలకు బాగుంటుంది, ఈ సైజుకు వద్దు.

కొలతల విషయంలో ఏడున్నర తలలు అన్నది సగటు మనిషికి దగ్గర లెక్క. ఆదర్శ రూపాలకు ఎనిమిది తలలు తీసుకుంటారు. అప్పుడే పుట్టిన బిడ్డ నాలుగు తలలే ఉంటుంది. మన శిల్పశాస్త్రాల తాళమానంలో, అంటే విగ్రహాల కొలతల పద్ధతిలో, కొలమానం తల కాదు, ముఖం. నవతాళ (తొమ్మిది ముఖాల) విగ్రహం 108 అంగుళాలు, ఉత్తమ దశతాళం (పది ముఖాల కొలతల్లో పెద్దది) 124. ఆ అంగుళం టేపు మీది అంగుళం కాదు, ఆ విగ్రహం ఎత్తులోంచే పుట్టే భాగం. ఏ పద్ధతైనా ఒక పట్టు కోసమే. మీకు నిజంగా పనికొచ్చేవి ఇవి: నిలబడ్డ మనిషి ఎత్తులో సగం ఇంచుమించు కాళ్ల చీలిక దగ్గర వస్తుంది, బొడ్డు దగ్గర కాదు. మణికట్టు నుంచి మధ్యవేలి కొస దాకా చెయ్యి, గడ్డం నుంచి నుదుటి పైభాగం దాకా ఉన్నంత వస్తుంది. పాదం పొడవు మోచేతి నుంచి మణికట్టు దాకా ఉన్నంత. అంటే తల 5 సెంటీమీటర్లున్న మీ బొమ్మకు పాదం ఐదున్నర దాటాలి. నేర్చుకునేవాళ్లు దాదాపు అందరూ తల పెద్దది చేసి, చేతులూ పాదాలూ చిన్నవి చేస్తారు. మీరు ముఖాలు ఇష్టంగా చేస్తారు కాబట్టి మీకు ఈ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ.

అయితే తలలతో కొలవడం నిటారుగా ఉన్న మనిషికే పనికొస్తుంది. వంగినా, కూర్చున్నా, ఒరిగినా ఎముక నుంచి ఎముకకే కొలవాలి. చర్మం కిందే ఎముక తగిలే చోట్లు ఒంట్లో చాలా ఉన్నాయి: మెడ గుంట, భుజం కొస, మోచేతి మొన, తుంటి ముందు మొనలు, తొడ ఎముక పైభాగంలో పక్కకు పొడుచుకొచ్చే గడ్డ, మోకాలి చిప్ప, చీలమండలు. మనిషి లావైనా సన్నమైనా ఈ ఎముకల మధ్య దూరం మారదు. మట్టి పెట్టడం మొదలుపెట్టిన గంటలోపే ఈ చోట్లన్నిటా అగ్గిపుల్లలు గుచ్చి, వాటి మధ్య కాలిపర్స్‌తో (రెండు కాళ్ల కొలత పనిముట్టుతో) కొలిచి సరిచేసుకోండి. తర్వాత ఎంత మట్టి వేసినా తీసినా ఆ పుల్లలు కదలకూడదు.

పెద్ద ముద్దలు మూడు: తల, పక్కటెముకల గూడు, కటి. ఈ మూడూ సరైన వాలులో పడితే సగం పని అయినట్టే, మధ్యలో ఉన్న మెడా నడుమూ వాటంతట అవే దారి చూసుకుంటాయి. పక్క నుంచి చూసినప్పుడు గూడు పైభాగం వెనక్కి వాలి ఉంటుంది, కటి ముందుకు వాలి ఉంటుంది, మెడ నిలువుగా కాకుండా ముందుకు సాగుతుంది. తొడ కొద్దిగా ముందుకు ఉబ్బి, మోకాలి కింద కాలు వెనక్కి పోతుంది. ముందు నుంచి మాత్రమే చూస్తూ చేసిన బొమ్మలో ఇవేవీ ఉండవు. తల, మొండెం, కాళ్లు ఒకే నిలువు గీత మీద పేర్చి ఉంటాయి.

ఫ్రెంచ్ శిల్పి రోడాన్ పద్ధతి ఇక్కడే పనికొస్తుంది. ఆయన ముందు భాగాన్ని పూర్తిచేసి వెనక్కి వెళ్లే మనిషి కాదు. మోడల్‌నీ మట్టినీ కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతి మలుపు దగ్గరా అంచు గీతను మాత్రమే చూసి సరిచేసేవాడు, పై నుంచీ కింద నుంచీ కూడా చూసేవాడు. ఒక బెల్జియం యువ సైనికుణ్ని మోడల్‌గా పెట్టుకుని అలా చేసిన ‘కంచు యుగం’ 1877లో ప్రదర్శనకు వచ్చినప్పుడు, బతికున్న మనిషి ఒంటి మీద నేరుగా అచ్చు తీశాడని నింద వేశారు. అంచులన్నీ నిజమైతే లోపలి ఉపరితలం తప్పడానికి పెద్దగా చోటుండదు. మీరూ తిరిగే స్టాండు మీద పనిచేయండి. ఒకే వైపు పది నిమిషాలకు మించి ఉండకండి. లేచి నిలబడి నడినెత్తి మీద నుంచి కిందికి చూస్తే భుజాల గీతకూ తుంటి గీతకూ మధ్య మెలిక ఉందో లేదో ఇట్టే తెలుస్తుంది. ఈ మెలిక మామూలు ఫొటోల్లో సరిగ్గా కనపడదు. ఫొటోలే ఆధారమైతే మనిషికి దూరంగా నిలబడి జూమ్‌తో తీసినవి వాడండి. దగ్గర్నుంచి తీస్తే కెమెరాకు దగ్గరున్న భాగం పెద్దదై, పాదాలో తలో కొలత తప్పిస్తాయి.

ఒక్క చోటైనా దగ్గరగా చూద్దాం. మోకాలి కింద నుంచి పాదం దాకా తీసుకోండి, బొమ్మ నిలబడిందా లేదా తేలేది ఇక్కడే. పిక్కను ముందు నుంచి చూస్తే బయటి ఉబ్బు పైన ఉంటుంది, లోపలి ఉబ్బు కిందికి దిగుతుంది. చీలమండ దగ్గర దీనికి సరిగ్గా తిరగబడి, లోపలి గడ్డ పైన, బయటి గడ్డ కింద ఉంటాయి. అంటే పిక్క దగ్గర ఒక వాలు, చీలమండ దగ్గర దానికి ఎదురు వాలు. రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉబ్బులు పెట్టారంటే ఎంత నున్నగా చేసినా అది కాలు కాదు, స్తంభం. కాలి ముందెముక మోకాలి కింది గడ్డ నుంచి లోపలి చీలమండ దాకా చర్మం కిందే దిగుతుంది, మీ వేలితో తడిమి చూసుకోండి. దాని లోపలి పక్కన చదునైన పొడుగాటి తలం ఉంటుంది, అక్కడ కండరం ఉండదు. ఆ చదును వదిలేస్తే కాలు ఊదినట్టు కనిపిస్తుంది. పాదం లోపలి అంచు వంపుగా నేలను వదిలి లేస్తుంది, బయటి అంచు నేలకు ఆనుతుంది. మడమ చీలమండకు వెనక్కి పొడుచుకొస్తుంది, చాలామంది ఈ వెనక భాగాన్ని మర్చిపోతారు. బరువు మోసే పాదం కాస్త పరుచుకుంటుంది, వదులుగా ఉన్న పాదం పరుచుకోదు. ఈ తేడా మిల్లీమీటర్లలోనే ఉంటుంది, అయినా కంటికి తెలుస్తుంది.

మట్టి వేసే తీరు కూడా చెప్పాలి. శనగగింజంత ఉండలు చేసి బొటనవేలితో నొక్కి అంటించండి, పాముకుంటూ పోకండి. నీళ్లు ముట్టి నున్నగా చేయాలన్న కోరికను చివరి రోజు దాకా ఆపుకోండి. నున్నదనం తప్పును దాచదు, మీ కంటికి మాత్రం దాస్తుంది. మొదట్లో ప్రతి భాగాన్నీ చదునైన తలాలుగా చెక్కతో తట్టి పెట్టుకుంటే, పక్క నుంచి పడే ఒక్క దీపం వెలుగులో ఏ తలం ఎటు తిరిగిందో స్పష్టంగా కనిపిస్తుంది. నాలుగువైపులా ట్యూబ్‌లైట్లున్న గదిలో ఎవరికైనా ఏమీ కనపడదు. అద్దంలో బొమ్మను తిప్పి చూస్తే వాలిపోయిన తల లాంటివి వెంటనే పట్టుబడతాయి.

అనాటమీ వద్దనడం లేదు, దాని వంతు ఇప్పుడు వస్తుంది. ముందు అస్థిపంజరం, అందులోనూ గూడు, కటి, కీళ్లు. తర్వాత కండరాలు, పేర్ల జాబితాగా కాకుండా పనిని బట్టి. భుజం మీది డెల్టాయిడ్ చేతిని పక్కకు లేపుతుంది, పై చేయి బయటి వైపు సుమారు సగం దూరంలో ముగుస్తుంది. చెయ్యి లేపిన భంగిమలో అది బిగిసి పొట్టిదవుతుంది, దించినప్పుడు పొడుగవుతుంది. ఇలా చదివితే గుర్తుంటుంది. మోచేతి వెనక మూడు ఎముక మొనలు చెయ్యి చాపినప్పుడు ఒకే గీతలో ఉంటాయి, మడిస్తే త్రిభుజమవుతాయి. ఫ్రెంచ్ శిల్పి ఊడాన్ 1767లో చేసిన చర్మం తీసిన మనిషి శిల్పం కాపీలు నేటికీ కళాశాలల్లో పాఠంగా వాడుతున్నారు. దాని ఫొటోలు అన్ని వైపుల నుంచీ దొరికితే ఒకసారి మట్టిలో కాపీ చేయడం చాలా మంచి పాఠం.

సాధన రెండు రకాలుగా నడవాలి. ఒకవైపు ఆర్మేచర్ లేకుండా, 15 సెంటీమీటర్ల లోపు, కూర్చున్న లేదా పడుకున్న మనిషిని ఇరవై నిమిషాల్లో చేసి, ముద్దచేసి పడేయడం. ముఖం, వేళ్లు వద్దు, మూడు ముద్దలూ కాళ్లూ చేతులూ చాలు. ఇంకోవైపు ఒకే భంగిమ మీద వారాల తరబడి పని. మొదటి రకం కంటికి, రెండోది ఓపికకు. వీడియోలు పనిముట్ల వాడకానికి బాగా పనికొస్తాయి. చూపు నేర్చుకోవడానికి మాత్రం ఎదురుగా బతికున్న మనిషి కావాలి. మోడల్ దొరక్కపోతే నిలువుటద్దం ముందు మీరే నిలబడండి.

కాల్చడం సంగతి. తీగ మీద చేసిన బొమ్మను అలాగే బట్టీలో పెట్టకూడదు. ఆరి కాలే లోపు మట్టి రకాన్ని బట్టి పదో వంతు దాకా కుదించుకుంటుంది, తీగ కుదించుకోదు, కాబట్టి పగుళ్లు తప్పవు. దాన్ని ఉంచుకోవాలంటే ప్లాస్టర్ అచ్చు తీసి పోతపోయడమే దారి. కాల్చే ఉద్దేశం ముందే ఉంటే నిలబడ్డ భంగిమ మానేసి, తనంతట తాను నిలిచే కూర్చున్న బొమ్మను తీగ లేకుండా చేయండి. మట్టి కాస్త బిగిశాక సన్నతీగతో కోసి, లోపల తొలిచి, గోడ ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్ల మందంలో సమంగా ఉంచి, కోసిన అంచులు గరుకు చేసి జారుడు మట్టితో (నీళ్లు కలిపి పల్చన చేసిన మట్టితో) అతికించండి. లోపలి బోలుకు గాలి పోయే చిన్న రంధ్రం కనపడని చోట వదలండి. బట్టీలో బొమ్మలు పేలేది గాలి బుడగల వల్ల అని అందరూ అంటారు కానీ, పేల్చేది ఆరని తడి ఆవిరి కావడమే. అందుకే బట్టీని 100 డిగ్రీలు దాటేదాకా చాలా నెమ్మదిగా వేడెక్కిస్తారు. పెట్టేముందు బొమ్మను చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే, మరో నాలుగు రోజులు ఆరనివ్వండి.